కారు అద్దాలకు సన్ ఫిల్మ్: కొనేముందు, అంటించేటప్పుడు, ఆ తర్వాత అందరూ అడిగే ప్రశ్నలు

ఫిల్మ్ వేయించాలని అనుకున్నవాళ్లు షాపులో మొదట అడిగేది "ఎంత నలుపు ఉంది?" అని. నా మొదటి కారుకు నేనూ అదే అడిగాను. ఉన్నవాటిలో బాగా నల్లగా ఉన్నది చూపించి ఇదే వేయమన్నాను. కారులో చీకటైతే వచ్చింది గానీ చల్లదనం రాలేదు. రెండేళ్లు తిరిగేసరికి వెనుక అద్దం వంగపండు రంగుకు దిగింది, అంచుల దగ్గర బుడగలు లేచాయి. దాన్ని పీకడానికి పట్టిన రెండు రోజుల్లో నేర్చుకున్నది, ఆ తర్వాత పని తెలిసినవాళ్ల పక్కన నిలబడి చూసింది కలిపి ఈ జవాబులు రాశాను.

నల్లటి ఫిల్మ్ వేస్తే కారు చల్లగా ఉంటుందా?

నలుపుకీ చల్లదనానికీ నేరుగా సంబంధం లేదు. ఎండగా మన మీద పడే శక్తిలో సుమారు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలది. కంటికి కనిపించే వెలుతురు వాటా 40 శాతం పైచిలుకు. మిగిలిన కొద్దిపాటి, అంటే సుమారు 3 శాతం, అతినీల లోహిత కిరణాలది. ఫిల్మ్ నలుపు ఆపేది వీటిలో కనిపించే వెలుతురును మాత్రమే. పరారుణం ఆ నలుపును దాటుకుని దర్జాగా లోపలికి వస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. రంగు ఫిల్మ్ వెలుతురును వెనక్కి తోయదు, తనలోకి పీల్చుకుంటుంది. పీల్చుకున్నదంతా వేడై అద్దం కాగుతుంది. ఆ వేడిలో కొంత బయటి గాలికి పోతుంది, కొంత మన భుజం మీదికి వస్తుంది. అందుకే దాదాపు రంగే లేనట్టు కనిపించే మంచి సిరామిక్ ఫిల్మ్, కటిక నల్లటి నాసిరకం ఫిల్మ్ కంటే ఎక్కువ వేడిని ఆపగలదు. మొదటిసారి వింటే ఎవరూ నమ్మరు. నేనూ నమ్మలేదు.

వీఎల్‌టీ అంటే ఏమిటి? 35 అంటే 35 శాతం నలుపా?

తిరగేసి అర్థం చేసుకోవాలి. వీఎల్‌టీ అంటే అద్దం గుండా లోపలికి వచ్చే వెలుతురు శాతం. 35 అంటే నూటికి 35 వంతులు వస్తుంది, మిగతాది ఆగుతుంది. అంకె తగ్గేకొద్దీ చీకటి పెరుగుతుంది. 5 అంటే బయటివాళ్లకు లోపల మనిషి ఉన్నాడో లేడో కూడా తెలియదు. 70 అంటే ఫిల్మ్ ఉందని చెబితే గానీ తెలియదు.

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఫిల్మ్ డబ్బా మీద ఉన్న అంకె ఒక్క ఫిల్మ్‌ది. మీ అద్దానికి అప్పటికే కొంత రంగు ఉంటుంది, మామూలు కారు అద్దాలు 70 నుంచి 85 శాతం దాకా వెలుతురునే వదులుతాయి. రెండింటినీ గుణించాలి. అద్దం 75 శాతం, ఫిల్మ్ 35 శాతం అయితే 0.75 × 0.35, అంటే సుమారు 26 శాతం. మీరు 35 అనుకుని వేయించారు, కొలిచే మీటరు 26 చూపిస్తుంది. తనిఖీలో లెక్కకు వచ్చేది ఈ రెండో అంకే. అందుకే ముందు మీ వట్టి అద్దాన్ని మీటరుతో కొలవమనండి. కొలవడానికి నిమిషం కూడా పట్టదు.

"99 శాతం ఐఆర్ (పరారుణం) ఆపుతుంది" అని ప్రకటనలో ఉంది. అంతకంటే ఏం కావాలి?

ఆ 99 ఎక్కడ కొలిచారో అడగండి. పరారుణ కిరణాల పట్టీ చాలా వెడల్పైనది, సూర్యుడి నుంచి వచ్చేదాంట్లో చూస్తే 780 నానోమీటర్ల నుంచి 2500 దాకా పోతుంది. అందులో ఫిల్మ్ బాగా పనిచేసే ఒక సన్నని ముక్కను, ఉదాహరణకు 900 నుంచి 1000 మధ్య, ఎంచుకుని కొలిస్తే గొప్ప అంకె వస్తుంది. అబద్ధం అనలేం. పూర్తి నిజం అనీ అనలేం.

చూడాల్సిన అంకె టీఎస్ఈఆర్, అంటే మొత్తం సౌరశక్తిలో ఎంత భాగం కారు లోపలికి రాకుండా ఆగిందన్నది. కనిపించే వెలుతురు, పరారుణం, అతినీల లోహితం మూడూ ఇందులో ఉంటాయి. ఫిల్మ్ పీల్చుకుని మళ్లీ లోపలికి వదిలే వేడిని కూడా ఇందులో లెక్క వేస్తారు. అందుకే ఈ అంకె ఎప్పుడూ 99 దగ్గరికి రాదు. ప్రకటనల్లో చిన్న అక్షరాల్లో కనిపించేది కూడా అందుకేనని నా అనుమానం. రెండు ఫిల్ములను పోల్చాలంటే ఒకే వీఎల్‌టీ ఉన్నవాటిని పక్కపక్కన పెట్టి ఈ అంకె చూడండి. 35 వీఎల్‌టీ ఫిల్మ్‌నీ 70 వీఎల్‌టీ ఫిల్మ్‌నీ పోలిస్తే లాభం లేదు.

షాపుల్లో ఎర్ర బల్బు ముందు ఫిల్మ్ వేసిన అద్దం పెట్టి, దాని వెనక చెయ్యి పెట్టించే ఆట గురించి కూడా ఒక మాట. ఆ హీట్ ల్యాంపు నుంచి వచ్చేది చాలావరకు పరారుణమే, ఎండలో ఉండే మిశ్రమం అది కాదు. పైగా మొదటి ఐదారు సెకన్లు ప్రతి ఫిల్మూ చల్లగానే ఉంటుంది. అక్కడే నిలబడండి, రెండు మూడు నిమిషాలు చెయ్యి తీయకండి. పీల్చుకునే రకం అయితే అద్దం కాగి సంగతి బయటపడుతుంది.

డైడ్, మెటలైజ్డ్, కార్బన్, సిరామిక్. వీటిలో తేడా ఏమిటి?

అన్నిటికీ ఆధారం పాలిస్టర్ పొర. ఒక వైపు జిగురు, రెండో వైపు గీతలు పడకుండా గట్టి పూత, మధ్యలో ఎండతో తలపడే పదార్థం. రకం మారితే మారేది ఆ మధ్యలోదే.

డైడ్ అంటే రంగు వేసినది. చవక, చూడ్డానికి బాగుంటుంది, మెరుపు తగ్గిస్తుంది. వేడి విషయంలో పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. నాసిరకానివి ఎండకు రంగు విరిగి వంగపండు రంగుకు మారతాయి.

మెటలైజ్డ్‌లో అతి సన్నని లోహపు పొర ఉంటుంది, అది ఎండను వెనక్కి కొడుతుంది. వేడి ఆపడంలో మంచిదే. కానీ లోహం కాబట్టి రేడియో తరంగాలకూ అడ్డం పడుతుంది. మొబైల్ సిగ్నలు, జీపీఎస్, అద్దానికి అంటించిన టోల్ ట్యాగు, టైర్లలో గాలి కొలిచే సెన్సరు, తాళం లేకుండా తలుపు తెరిచే రిమోటు, ఇవన్నీ తరంగాల మీద బతికేవే. వీటిలో ఏదో ఒకటి మొరాయిస్తే కారణం ఫిల్మేనని తెలుసుకోవడానికి నెలలు పట్టవచ్చు. బయటి నుంచి అద్దంలా తళతళ మెరవడం కూడా దీని గుణమే, కొందరికి అదే ఇష్టం.

కార్బన్ ఫిల్మ్‌లో లోహం ఉండదు, సిగ్నలుకు ఇబ్బంది లేదు. మెరుపు లేని నలుపు, రంగు విరగదు, వేడిని ఒక మోస్తరుగా ఆపుతుంది. మధ్యస్థపు ఖర్చుకు తెలివైన ఎంపిక.

సిరామిక్‌లో కంటికి కనపడనంత సూక్ష్మమైన కణాలు ఉంటాయి. ఇవి వెలుతురును వదిలి పరారుణాన్ని పట్టుకుంటాయి. చీకటి లేకుండా చల్లదనం కావాలంటే ఇదే దారి. లోహపు అడ్డు ఉండదు. ఇంతకంటే ఖరీదైనది లోహం లేకుండా వందల సన్నని పాలిస్టర్ పొరలను పేర్చి తయారుచేసే రకం. 3ఎం క్రిస్టలిన్ అలాంటిదే, అందులో 200కు పైగా పొరలు ఉంటాయి, మందం మాత్రం ఒక కాగితం ముక్కంత కూడా ఉండదు.

"సిరామిక్" అన్న మాటకు కాపలా ఎవరూ లేరని మాత్రం గుర్తుంచుకోండి. చిటికెడు కణాలు కలిపి అదే పేరు పెట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. పేరు చూసి కొనకండి, టీఎస్ఈఆర్ అంకె రాసిన కంపెనీ షీటు అడగండి.

చర్మానికి ఎండ తగలకుండా ఆపాలంటే నల్లటిదే కావాలా?

అక్కర్లేదు. పూర్తిగా పారదర్శకంగా ఉండే మంచి ఫిల్మ్ కూడా అతినీల లోహిత కిరణాలను 99 శాతం దాకా ఆపుతుంది. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేస్తారు కాబట్టి అది ఫిల్మ్ లేకుండానే వీటిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. తేడా పక్క అద్దాల దగ్గర వస్తుంది. మామూలుగా అవి ఒకే పలక, వాటి గుండా అతినీల లోహిత కిరణాల్లో యూవీఏ అనే రకం చాలావరకు లోపలికి వస్తుంది. చర్మం ముడతలు పడేది ప్రధానంగా ఈ రకం వల్లే. 28 ఏళ్లు లారీ నడిపిన ఒక డ్రైవరు ఫొటో 2012లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో వచ్చింది. కిటికీ వైపు ఉన్న సగం ముఖం లోతైన ముడతలతో రెండో సగం కంటే ఇరవై ఏళ్లు పెద్దదిలా కనిపిస్తుంది. ఒకే మనిషి, ఒకే ముఖం.

ఎండ పడని చర్మ వ్యాధులు, లూపస్ లాంటివి ఉన్నవాళ్లకు కొన్ని దేశాల్లో డాక్టరు ధ్రువపత్రం మీద మినహాయింపులు ఇస్తారు. అయితే చాలాసార్లు వాళ్లకు కావాల్సింది పారదర్శకమైన యూవీ ఫిల్మ్ మాత్రమే, దానికి నలుపు గొడవే రాదు.

కంపెనీ నుంచే వెనుక అద్దాలు నల్లగా వచ్చాయి. మళ్లీ ఫిల్మ్ ఎందుకు?

అది గాజులోనే కలిపిన రంగు. గోప్యత కోసం పెట్టినది. నలుపు చూసి వేడి కూడా ఆగుతుందని అనుకుంటాం, ఆగేది మనం అనుకున్నంత ఉండదు. దాని మీద పారదర్శకంగా ఉండే సిరామిక్ వేస్తే సరిపోతుంది. ఇంకో నల్లటి ఫిల్మ్ వేశారో, 20 శాతం అద్దం మీద 35 శాతం ఫిల్మ్ అంటే మిగిలేది 7. రాత్రి కారు వెనక్కి తీసేటప్పుడు ఆ 7 ఎంత తక్కువో తెలుస్తుంది.

ఏ అద్దానికి ఎంత నలుపు పెట్టుకోవాలి?

నా మట్టుకు నేను డ్రైవరు పక్క అద్దాలకు 70కి తగ్గను. రాత్రి వాన పడుతుంటే, వీధి దీపాలు లేని మలుపులో, పక్క అద్దం గుండా సైడ్ మిర్రర్ చూడాల్సి వస్తుంది. నల్ల దుస్తులతో రోడ్డు దాటే మనిషి ఆ అద్దంలోంచే కనపడాలి. షాపులో మిట్ట మధ్యాహ్నం నిలబడి నలుపు ఎంచుకుంటాం, ఈ సంగతి అప్పుడు తట్టదు. నమూనా ముక్కను రాత్రిపూట కళ్లకు అడ్డం పెట్టుకుని వీధిలోకి చూడండి. సగం మంది మనసు అక్కడే మారుతుంది.

వెనుక సీటు వైపు కాస్త నలుపు ఉన్నా నడిపేవాడికి అంత ఇబ్బంది కాదు. వెనుక అద్దం ఎంత నల్లగా ఉన్నా ఫర్వాలేదు, కెమెరా ఉందిగా అంటారు. బురద పడ్డ కెమెరాను ఒకసారి ఊహించుకోండి. ఇంకో విషయం, ముందు 70, వెనుక 15 అయితే కారు రెండు ముక్కలుగా కనిపిస్తుంది. అందం కావాలంటే తేడా తక్కువ ఉంచుకోవాలి.

చట్టం ఏమంటుంది?

చోటును బట్టి మారుతుంది, చాలా మారుతుంది. బ్రిటన్‌లో ఇప్పటి కార్ల ముందు అద్దానికి 75, ముందు పక్క అద్దాలకు 70 శాతం వెలుతురు రావాలి. ఆస్ట్రేలియాలో చాలా రాష్ట్రాల్లో పక్క అద్దాలకు 35 దాకా ఒప్పుకుంటారు. భారతదేశంలో ముందు, వెనుక అద్దాలకు 70, పక్క అద్దాలకు 50 అని నిబంధన. ఫిల్మ్ అంటించడం మీదే 2012లో సుప్రీంకోర్టు గట్టి ఆంక్ష పెట్టింది, ఆ తర్వాత అద్దాల నిబంధనల్లో మార్పులు వచ్చాయి. కాబట్టి మీరు నడిపే చోట ఈరోజు అమల్లో ఉన్న నియమం ఏమిటో రవాణా శాఖ దగ్గరే కనుక్కోండి. "మేం ఇన్ని కార్లకు వేశాం, ఎవరూ ఆపలేదు" అని షాపు చెప్పే మాట జరిమానా పడిన రోజు పనికిరాదు.

బిల్లు మీద ఫిల్మ్ పేరు, వీఎల్‌టీ రాయించుకోండి. కొన్ని కంపెనీలు అద్దం మూలన అంటించడానికి చిన్న లేబులు ఇస్తాయి, వద్దనకండి. నియమం మారవచ్చు, వేరే చోటికి బదిలీ కావచ్చు, కారు అమ్మవచ్చు. పీకడం కూడా ఖర్చేనని ముందే లెక్క వేసుకోండి.

ముందు అద్దానికి వేయించవచ్చా?

చట్టం ఒప్పుకుంటే, పారదర్శకమైన సిరామిక్ అయితే, వేడిలో తేడా బాగా తెలిసేది ఇక్కడే. కారులో అన్నిటికంటే పెద్ద అద్దం అదే కదా. కానీ ఇప్పటి కార్లలో ఆ అద్దం వెనక కెమెరా, వాన సెన్సరు, వెలుతురు సెన్సరు ఉంటాయి. లేన్ గుర్తించి బ్రేకు వేసే కెమెరా ముందు ఫిల్మ్ ఉండకూడదు, ఆ భాగాన్ని శుభ్రంగా కోసి వదిలేయాలి. పనివాడు ఈ మాట తనంతట తాను ఎత్తకపోతే మీరు ఎత్తండి. అద్దం మీద వేగం చూపించే కార్లలో అంకెలు జంటగా కనిపించే ఇబ్బంది రావచ్చు, ముందు ఒక ముక్క పెట్టి చూడమనాలి.

అంటించేటప్పుడు డాష్‌బోర్డు మీద చాలా నీళ్లు కారతాయి. దాని కింద ఎలక్ట్రానిక్స్ ఉంటాయి. మందపాటి తువ్వాళ్లు పరచకుండా స్ప్రే సీసా ఎత్తే మనిషిని అక్కడే ఆపండి.

నేనే అంటించుకోవచ్చా?

చదునుగా ఉండే చిన్న పక్క అద్దం అయితే ఓపిక ఉన్న ఎవరైనా చేయవచ్చు. మొదటిది పాడవుతుంది, రెండోది ఫర్వాలేదనిపిస్తుంది. వెనుక అద్దం జోలికి మాత్రం మొదటిసారే పోకండి. అది రెండు దిక్కులా వంగి ఉంటుంది, దాని మీద చదునైన ఫిల్మ్ వేయడం బంతి మీద కాగితం అతికించినట్టే.

అసలు పని ఎలా జరుగుతుంది?

తెలిసినవాళ్లు ఎక్కువ సమయం వెచ్చించేది అంటించడం మీద కాదు, కడగడం మీద. ముందు బయట, తర్వాత లోపల, తర్వాత మళ్లీ లోపల. అద్దం కింద రబ్బరు బీడింగ్‌లో ఉన్న దుమ్మును బయటికి తెస్తారు. లేకపోతే ఫిల్మ్ కింది అంచు తోసేటప్పుడు ఆ దుమ్ము జిగురుకు అంటుకుంటుంది. లోపలి అద్దాన్ని తడిపి కొత్త బ్లేడుతో గీకుతారు, మొండి మరకలు, పాత జిగురు వేళ్లకు తెలియకపోయినా బ్లేడు శబ్దానికి తెలుస్తాయి. వెనుక అద్దం మీద డీఫాగర్ గీతలు ఉంటే బ్లేడు వాడకూడదు. గీత తెగితే అక్కడ మంచు కరగదు.

తడపడానికి మినరల్స్ లేని డిస్టిల్డ్ నీళ్లు, అందులో రెండు మూడు చుక్కల బేబీ షాంపూ. ఇది జారడానికి, అంతే. షాంపూ ఎక్కువైతే జిగురు పట్టదు, తక్కువైతే ఫిల్మ్ పెట్టినచోటే అతుక్కుపోయి సర్దడానికి వీలుండదు. ఉప్పు నీళ్లు వాడితే ఎండాక తెల్లటి చుక్కలు ఫిల్మ్ లోపలే ఉండిపోతాయి.

కొలతకు కోయడం, వంపుకు తగ్గట్టు కుదించడం అద్దం బయటి వైపునే జరుగుతాయి. జిగురుకు కాపలాగా ఉండే పారదర్శకపు పొర పైకి వచ్చేలా ఫిల్మ్‌ను బయట పరుస్తారు. వంపు వల్ల అంచుల్లో మడతలు వేళ్లలా లేస్తాయి. హీట్ గన్ చూపిస్తూ రబ్బరు పలకతో ఒక్కో మడతను అణచేస్తారు. పాలిస్టర్ వేడికి కుంచించుకునే గుణం ఇక్కడ ఉపయోగపడుతుంది, కానీ రోల్ పొడవు దిశలోనే బాగా కుంచించుకుంటుంది, అడ్డంగా అయితే మొండికేస్తుంది. అందుకే ముక్కను ఏ దిశలో పరవాలన్నది కోసేముందే తేలాలి. హీట్ గన్ ఒకే చోట నిలిపితే ఫిల్మ్ నలుగుతుంది, అద్దం కూడా పగలవచ్చు. చెయ్యి ఆగకుండా తిరుగుతూనే ఉండాలి.

తర్వాత ముక్కను లోపలికి తెచ్చి, పారదర్శకపు పొర ఒలిచి, జిగురు మీదా అద్దం మీదా బాగా తడిపి పెడతారు. తలుపు అద్దానికైతే కాస్త కిందికి దించి పై అంచు ముందు సరిచేసుకుంటారు. పైన 1 నుంచి 2 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. అంచు దాకా లాగితే రబ్బరు గైడుకు రాసుకుని కొన్నాళ్లకే పై మూల లేస్తుంది. పైభాగం పట్టాక అద్దం ఎత్తి కింది అంచును బీడింగ్ లోపలికి దోపుతారు. ఆఖరున మధ్య నుంచి అంచులకు, ఒక్కో పట్టీ ముందు దానిమీద కొంచెం పడేలా, రబ్బరు పలకతో నీళ్లను బయటికి నెడతారు. ఎంత నీరు నెడితే అంత త్వరగా ఆరుతుంది.

ఫ్యాను ఆపేసి, గాలి కదలని గదిలో ఈ పని చేస్తారు. స్వెట్టరు వేసుకున్నవాడు పక్కన నిలబడితే ఒక్క నూలు పోగు చాలు.

వెనుక అద్దం చుట్టూ ఉన్న నల్లచుక్కల మీద ఫిల్మ్ తెల్లగా కనిపిస్తోంది. తప్పు చేశారా?

చాలావరకు కాదు. ఆ చుక్కలు గాజు మీద కాల్చి వేసిన రంగు, అవి కాస్త ఎత్తుగా ఉంటాయి. చుక్కకూ చుక్కకూ మధ్య జిగురు అద్దాన్ని తాకదు, గాలి ఉండి తెల్లటి పట్టీలా కనిపిస్తుంది. కొందరు చుక్కలను నెమ్మదిగా అరగదీసి తర్వాత అంటిస్తారు, కొందరు ఆరిన కొన్ని రోజులకు మళ్లీ నొక్కుతారు. ఇంకొందరు ఆ భాగాన్నే వదిలేస్తారు. ఏది చేస్తారో ముందే అడిగితే తర్వాత గొడవ ఉండదు.

వేయించి రెండు రోజులైంది, బుడగలు, మబ్బు ఉన్నాయి. గొడవ పడాలా?

ఇప్పుడే వద్దు. నీటి బుడగ నొక్కితే కదులుతుంది, ఎండకు దానంతట అదే తగ్గిపోతుంది. మబ్బు అంటే జిగురులో మిగిలిన తేమ. వేడి వాతావరణంలో మూడు నాలుగు రోజుల్లో, చలిలో నెల దాకా పట్టవచ్చు. మందపాటి ఫిల్మ్‌కు ఇంకా ఎక్కువ. మధ్యలో గుండుసూది తల అంత గట్టి చుక్క ఉంటే అది దుమ్ము. ఎన్ని నెలలైనా పోదు. ఒకటి రెండు ఉంటే చేత్తో చేసిన పని కదా అని సర్దుకుంటాను. కంటి ఎదురుగా గుంపుగా ఉంటే ఆ ముక్క మార్చమనండి. మడత గీత, వేలి ముద్ర, కొస లేచిన అంచు ఎప్పటికీ ఆరిపోవు, అవి మొదటి రోజే చూపించాల్సినవి.

ఆరేదాకా అద్దాలు దించకండి. నాలుగైదు రోజులు మరిచిపోవడం మేలు. మా ఇంట్లో పిల్లలు బటను నొక్కేవారు, చివరికి డ్రైవరు వైపు ఉన్న విండో లాక్ వేసి టెన్షన్ తీర్చుకున్నాను. నెల రోజులు లోపల తుడవకండి. తుడిచేటప్పుడు అమోనియా లేని ద్రవం, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ. అమోనియా రంగునూ జిగురునూ నెమ్మదిగా తినేస్తుంది, ఇళ్లలో అద్దాలు తుడవడానికి వాడే నీలం ద్రవాల్లో అది ఉండవచ్చు, లేబులు చదవండి.

షాపును ఎలా ఎంచుకోవాలి?

ఆరు నెలల కిందట వేసిన కారును చూపించమనండి. కొత్త కారు ఎవరైనా చూపిస్తారు. వెళ్లాక వెనుక అద్దం అంచులు, తలుపు అద్దాన్ని సగం దించి పై అంచు చూడండి. అంచు సూటిగా, అద్దం ఆకారానికి సమాంతరంగా ఉంటే పనివాడికి చెయ్యి తిరిగినట్టు. తర్వాత గది చూడండి: నేల తడిగా, దుమ్ము లేకుండా ఉందా, లేక రోడ్డు పక్కన ఆరుబయట పని చేస్తున్నారా? ఇంకో చిన్న గుర్తు, అద్దం మీద బ్లేడుతో ఫిల్మ్ కోస్తే గాజు మీద సన్నని గీత పడవచ్చు. కొలత ముందే కంప్యూటరు మీద కోసుకునే షాపు అయితే ఈ భయం తక్కువ.

మొత్తం కారు గంటలో అయిపోతుంది అని ఎవరైనా అంటే నేను అక్కడి నుంచి కదులుతాను. సగటు కారుకు మూడు నాలుగు గంటలు మామూలు.

నా మొదటి కారు సంగతి చెప్పాను కదా, వంగపండు రంగు వచ్చాక ఆ షాపుకు వెళితే బిల్లులో ఫిల్మ్ పేరు లేదు కాబట్టి వారెంటీ లేదన్నారు. అప్పటి నుంచి బిల్లు చదవకుండా డబ్బు ఇవ్వను.

వారెంటీ కాగితంలో ఏం చూడాలి?

రంగు మారడం, బుడగలు, జిగురు వదలడం, పగుళ్లు, నాలుగూ రాసి ఉండాలి. ఫిల్మ్ ధర ఒక్కటేనా, పీకి మళ్లీ వేసే కూలీ కూడానా అన్నది వేరు. కంపెనీ వెబ్‌సైటులో మీ పేరు మీద నమోదు చేశారా లేదా కనుక్కోండి, నమోదు కాని "జీవితకాల వారెంటీ" షాపు మూసేదాకే.

పాత ఫిల్మ్ పీకడం ఎలా?

ఓపికగా. పక్క అద్దమైతే స్టీమర్‌తోనో హీట్ గన్‌తోనో వేడి చేసి మూల నుంచి నెమ్మదిగా, అద్దానికి దగ్గరగా వంచి లాగితే చాలావరకు జిగురుతో సహా వస్తుంది. గబుక్కున లాగితే పొర చిరిగి జిగురు అద్దానికే ఉండిపోతుంది. మిగిలిన జిగురును సబ్బు నీళ్లతో నానబెట్టి గీకాలి.

వెనుక అద్దం దగ్గరే గండం. డీఫాగర్ గీతలు, చాలా కార్లలో రేడియో యాంటెనా కూడా, ఆ అద్దం మీదే ముద్రించి ఉంటాయి. జిగురు బలంగా పట్టి ఉంటే ఫిల్మ్‌తో పాటు గీత లేచి వస్తుంది. అక్కడ బ్లేడు వద్దు, ఆవిరి పట్టి గీతల దిశలోనే లాగాలి, అడ్డంగా లాగకూడదు. నల్ల ప్లాస్టిక్ సంచి కప్పి, అమోనియా చల్లి ఎండలో ఉంచే పాత పద్ధతి పనిచేస్తుంది. కానీ మూసిన కారులో ఆ వాసన ఊపిరికి ప్రమాదం, సీటు గుడ్డకూ మంచిది కాదు. నేను ఒకసారి చేశాను, మళ్లీ చేయను.

పాతదాని మీదే కొత్త ఫిల్మ్ వేస్తామనేవాళ్లు కూడా ఉంటారు. ఒప్పుకోకండి, కింది బుడగలు పైకి వస్తాయి.

ఫిల్మ్ వేస్తే ఎండలో నిలిపిన కారు చల్లగా ఉంటుందా?

కదిలే కారులో, ఏసీ నడుస్తున్నప్పుడు తేడా బాగా తెలుస్తుంది, చేతి మీద ఎండ చురుక్కుమనదు, ఏసీ త్వరగా దారికి వస్తుంది. స్టీరింగు, సీటు ముట్టుకోలేనంత కాలవు. కానీ గంటల తరబడి ఎండలో మూసి ఉంచిన కారు ఏ ఫిల్మ్ వేసినా వేడెక్కి తీరుతుంది, ఫిల్మ్ ఆ వేడిని కాస్త ఆలస్యం చేస్తుంది, కాస్త తగ్గిస్తుంది. ఫిల్మ్ ఉంది కదా అని పిల్లలనో పెంపుడు జంతువులనో ఒక్క ఐదు నిమిషాలైనా లోపల వదలకండి.

దొంగలు అద్దం పగలగొట్టకుండా ఫిల్మ్ ఆపుతుందా?

మామూలు సన్ ఫిల్మ్ మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, అది ఆపదు. పగిలిన ముక్కలు మీద పడకుండా కొంత పట్టి ఉంచుతుంది, అంతే. సేఫ్టీ ఫిల్మ్ అని వేరే ఉంటుంది, 100 నుంచి 200 మైక్రాన్లు. అది అద్దాన్ని విరగకుండా చేయదు, విరిగినా ముక్కలను ఒకటిగా పట్టి ఉంచి లోపలికి చెయ్యి పెట్టడానికి పట్టే సమయం పెంచుతుంది. నీళ్లలో మునిగే కారు నుంచి అద్దం పగలగొట్టి బయటపడాల్సి వస్తే అదే ఆలస్యం మనకు అడ్డవుతుందని కూడా గుర్తు పెట్టుకోవాలి. అందుకే నేను అన్ని అద్దాలకూ వేయించలేదు.

చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే వెనుక అద్దంలో మచ్చలు, రంగుల పట్టీలు కనిపిస్తున్నాయి. ఫిల్మ్ పాడైందా?

అది వేడి చేసి గట్టిపరిచిన గాజు గుణం, పోలరైజ్డ్ కళ్లద్దాలు దాన్ని బయటపెడతాయి. ఫిల్మ్ లేని కారులో కూడా కనిపిస్తాయి. కళ్లద్దాలు తీసి చూడండి.

అద్దానికి స్టిక్కర్లు, ఫోన్ హోల్డరు పెట్టుకోవచ్చా?

నెల ఆగాక పెట్టుకోండి. సక్షన్ కప్పును లాగి పీకితే ఫిల్మ్ లేస్తుంది, అంచు ఎత్తి గాలి ఎక్కించి తీయాలి. లోపలి వైపు జిగురు స్టిక్కరు అంటిస్తే తీసేటప్పుడు ఫిల్మ్ పై పూత కూడా ఊడి వస్తుంది. అంటించక తప్పకపోతే ఆ చోట ఫిల్మ్‌ను ముందే కోసి వదిలేయమని పనివాడికి చెప్పండి.